నేను సున్నంతో వేసిన రోడ్డు

మొయినాబాద్ మండలంలో ఇంజనీరు లేకుండా, టెండరు లేకుండా, తట్టెడు కంకర పోయకుండా ఒక్క మధ్యాహ్నంలో రోడ్డు వేసిన మొనగాణ్ణి నేనే. సామాను ఒక బకెట్టు సున్నం, ఒక కుంచె. ఆ రోడ్డు మా మామకున్న ఒకే ఒక్క చెలకను, అదే మెట్టపొలాన్ని, మింగినంత పని చేసింది. పనిలో పనిగా నా కాపురాన్ని కూడా నంజుకోబోయింది. ఇప్పుడు తలుచుకుంటే హమ్మయ్య అనిపిస్తుంది గానీ, ఆ ఆదివారం పొద్దున నన్ను చూసి ఉంటే మీరు జాలిపడి మంచినీళ్ళు ఇచ్చేవారు. లేకపోతే మీరూ నాలుగు తిట్టేవారు. మా ఆవిడ తరఫు బంధువులైతే రెండోదే.

నాకు మొయినాబాద్ చౌరస్తా దగ్గర సైకిళ్ళ దుకాణం ఉంది. మా నాయన కాలంలో పాలవాళ్ళ సైకిళ్ళకు పంక్చర్లు వేసిన దుకాణమే. ఇప్పుడు శని, ఆదివారాల్లో నగరం నుంచి సైకిలు సవారీకి వచ్చేవాళ్ళు ఆగి గాలి కొట్టించుకుంటారు, ట్యూబులు కొంటారు, చాయ్ తాగుతారు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకూ వాళ్ళ మాటలు పట్టుబడ్డాయి. ట్రెయిల్, గేరు, సస్పెన్షన్, ఎలివేషన్ అని గడగడా అనేవాణ్ణి. ఎలివేషన్ అంటే ఎత్తు అని చాలా రోజులు తెలియదు. ఇంటి ముందు గోడకు చేయించే డిజైన్ అనుకునేవాణ్ణి. అయినా తల ఊపేవాణ్ణి. తెలియదు అన్న మాట నా నోటికి రాదు, అదే నాకున్న పెద్ద జబ్బు.

వాళ్ళ బృందానికి పెద్ద సుచరిత మేడం. పళ్ళ డాక్టరు. ఒకరోజు ఆమె మోచేతికి కట్టుతో వచ్చింది. చేవెళ్ల రోడ్డు మీద ఒక కారు అద్దం తగిలి పడిపోయిందట.

"వెంకటేశంగారూ, ఆ రోడ్డు ఇక మావల్ల కాదండీ. కారు రాని దారి ఒక్కటైనా లేదా ఇటు పక్క?" అని అడిగింది.

"ఎందుకు లేదు మేడం! ఉన్నది. అది కూడ అసుంటి ఇసుంటిది కాదు, మౌంటెన్ రూటు. చిన్న మంగళారం కాడ ఎక్కి ఎంకపల్లి దిక్కు దిగుడే."

"మౌంటెనా? ఇక్కడా?"

"దూరం నుంచి చూస్తే గుట్ట మేడం. సైకిల్ మీద ఎక్కితే మౌంటెనే."

"కార్లు రావు కదా?"

"కారా? ఆ తొవ్వ మీద కారు హారను వినని మేకలు ఉన్నయ్ మేడం! ఆదివారం రాండ్రి, నేనే తోల్కపోత."

అబద్ధమేమీ కాదు. గుట్ట పక్క నుంచి పాత ఎడ్లబండ్ల బాట ఒకటి ఉంది. బండల మధ్య నుంచి పోయి, మా మామ చెలక మూలన మలుపు తిరిగి అవతలికి దిగుతుంది. ఎడ్లబండ్లు పోయాక ఆ బాట మేకలకూ బర్రెలకూ మిగిలింది. చిక్కల్లా ఏమిటంటే, బండల దగ్గర బాట నాలుగు దిక్కులకు చీలుతుంది, అక్కడ ఫోనుకు సిగ్నలు ఉండదు. కొత్తవాళ్ళు తప్పిపోతే నా పరువేం కావాలి? అందుకని శుక్రవారం మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి, ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం బకెట్టులో కలుపుకొని బయల్దేరాను.

ఇక చూడండి నా కళాప్రతిభ. ప్రతి పెద్ద బండ మీదా బాణం గుర్తు. ప్రతి మలుపులో నేల మీద సున్నంతో తెల్లటి గీత. చెలకల అంచుల వెంట పుల్లలు పాతి వాటికి ఎర్రగుడ్డ ముక్కల జెండాలు. మామ చెలక మూలన మలుపు మరీ పదును గనుక అక్కడ రెండు జెండాలు, గెట్టు అంటే పొలం హద్దు, దాని పొడవునా సున్నపు గీత. ఎండ మండిపోతుంటే బయట పురుగు లేదు. మామ ఇంట్లో పడుకుని ఉన్నాడు. లేపి చెబితే "నీకేం పని లేదా అల్లుడా" అంటాడని చెప్పకుండానే వచ్చేశాను. వస్తూ వస్తూ వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

మీరు మా దిక్కు వాళ్ళయితే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. కానివాళ్ళకు చెబుతాను. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా నేల మీద సున్నపు గీత కనిపిస్తే దానికి ఒక్కటే అర్థం. సర్వే అయింది, ఏదో రాబోతోంది. మా దగ్గర పిల్లలు క్రికెట్ ఆటకు సున్నం గీత గీసినా సాయంత్రానికి ఇద్దరు బ్రోకర్లు వచ్చి "ఎన్ని గజాలు తమ్మీ?" అని అడుగుతారు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన నేను ఈ సంగతి ఎలా మరిచిపోయానో ఆ దేవుడికే తెలియాలి. బుర్ర నిండా సుచరిత మేడం మెచ్చుకోలు నిండిపోయి ఉండింది.

శనివారం దుకాణం తెరవగానే పాల నర్సింహులు వచ్చాడు.

"అన్నా, ఇన్నవా? చిన్న మంగళారం దిక్కు రోడ్డు పడుతున్నదట!"

"ఏ రోడ్డు?"

"ఏమో, పెద్దదేనట. నిన్న సర్కారోళ్ళు వచ్చి సర్వే చేసి, జెండాలు పాతి పోయిన్రట."

"నిన్ననా? నిన్న నేను ఆడికే పోయిన గద! నాకెవ్వలు కనవడలే."

"నువ్వొచ్చినంక వచ్చిన్రేమో!"

నిజమే కాబోలనుకున్నాను. నవ్వకండి. అప్పుడు నాకు కలిగిన ఒకే ఒక్క బాధ ఏమిటో తెలుసా? అయ్యో, ఆ సర్వేవాళ్ళు నా బాణాల మీద వాళ్ళ గుర్తులు వేసి పాడుచేశారేమో అని.

కాసేపటికి చాయ్ హోటలు దగ్గర అది వంద ఫీట్ల రోడ్డయింది. ఎండ ముదిరే సరికి రెండు వందల ఫీట్లకు వెడల్పయింది. ట్యూబు కోసం వచ్చిన ఒకాయన "ఎక్కడి దాక పోతదట?" అని అడిగితే, తెలియదు అనడం చేతకాని నేను, "కొండకల్ దాక అయి ఉంటది. ఆడ రైలు డబ్బాల ఫ్యాక్టరీ ఉన్నది గద, దానికి కలుపుతరు" అన్నాను. అది కేవలం నా సొంత కల్పన. సాయంత్రం ఇంకొకాయన వచ్చి, "కొండకల్ ఫ్యాక్టరీకి కలుపుతున్నరట అన్నా!" అని ఆ ముక్కనే నాకు తెచ్చి ఇచ్చాడు. చూశావా, అందరూ అదే అంటున్నారు, ఇక అనుమానం అక్కర్లేదు అనుకున్నాను.

అనుకుని ఊరుకుంటే బాగుండేది. మామకు ఫోన్ చేశాను.

మా మామ మల్లయ్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయనకున్నది ఆ గుట్ట కింది ఎర్రచెలక ఒక్కటే. టమాట, కొత్తిమీర, బీర పండిస్తాడు. తెల్లారేసరికి అత్తమ్మ కొత్తిమీర కట్టలు కట్టి చేవెళ్ల మార్కెట్టుకు పంపిస్తుంది. చుట్టుపక్కల చాలామంది అమ్మేసుకున్నారు. పక్క చెలక ఆసామి అయితే అమ్మిన పైసలన్నీ కార్లకూ పెళ్ళిళ్ళకూ ఖర్చయిపోయి, ఇప్పుడు తన పొలంలోనే కట్టిన ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాడు. మామ మాత్రం ఎవరొచ్చినా "నేనున్నన్ని రోజులు అమ్ముడు లేదు" అనేవాడు. మా ఆవిడ కవిత ఎప్పుడూ అంటుంది, "చెలక ఉన్నదంటే నాయిన మనిషి. చెలక పోయిన దినం మంచం పడ్తడు" అని. అది నిజమని నాకూ తెలుసు.

"మామా, రోడ్డు ముచ్చట ఇన్నవా?"

"ఇన్న అల్లుడా. మన చెలక కాడనే జెండాలు పాతిన్రు. మీ అత్త పొద్దటి సంది బువ్వ ముట్టలే. ఏం జేద్దామంటవ్?"

పెళ్ళయిన నాటి నుంచి మామ నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. ఛాతీ ఉబ్బిపోయింది.

"సూడు మామా, సర్కారు తీస్కున్నదంటే అడ్డికి పావుశేరు లెక్క ఇస్తది. ఆఫీసుల సుట్టు తిరిగి చెప్పులు అరుగుతయ్. కాయిదం రాకముందే ఏదన్న ఒకటి చేస్కునుడు తెలివి."

"అంటే అమ్ముమంటవా?"

"అమ్ముమంటలే... గని తెలివిగల్లోళ్ళు గదే చేస్తున్నరు."

"సరే అల్లుడా, నీకు ఎరుక ఉంటది" అని పెట్టేశాడు. నేను ఈ సంగతి కవితకు చెప్పలేదు. మామ నా సలహా విన్నాడని పని అయ్యాక గొప్పగా చెబుదామనుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే సుచరిత మేడం బృందం దిగింది. హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు, సైకిలు హ్యాండిలుకు బిగించిన ఫోన్లు. నేను నా పాత సైకిలు మీద ముందు, వాళ్ళు వెనక. చిన్న మంగళారం దాటి బాట మొదట్లోకి తిరిగామో లేదో, కార్లు! తెల్లవి, నల్లవి, పొలంలోకి దిగబడినవి, బురదలో ఇరుక్కున్నవి, ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ. బ్రోకర్ల కార్లకు దారితో పని లేదు, భూమి ఉంటే చాలు ఎక్కేస్తాయి. మేకలన్నీ గుట్ట కొనకు ఎక్కి అక్కడి నుంచి చూస్తున్నాయి.

"వెంకటేశంగారూ, ఇది కార్లు రాని దారి కదండీ?" అంది మేడం.

"ఇయ్యాల జర స్పెషల్ మేడం. ఈడ రోడ్డు పడుతున్నదట."

"ఎక్కడ?"

"ఈడనే."

"మనం వెళ్ళే ఈ దారి మీదా?"

అప్పటికీ నా బుర్ర వెలగలేదు. మొదటి పెద్ద బండ దగ్గర జనం మూగి ఉన్నారు. మధ్యలో బ్రోకర్ యాదగిరి. తెల్లచొక్కా, నెత్తి మీద చలువ కళ్ళద్దాలు. బండ మీది గుర్తును కర్రతో చూపిస్తూ పాఠం చెబుతున్నాడు.

"గీ బాణం మంచిగ చూడున్రి. ఇది మనోళ్ళు పెట్టిన గుర్తు కాదు, ఢిల్లీ గుర్తు. తోక వంకర పోయింది చూసిన్రా? అంటే ఈడ పెద్ద మలుపు ఉంటదన్నట్టు. ఇదంత శాటిలైటు లెక్క."

తొంగి చూశాను. ఆ తోక ఎందుకు వంకర పోయిందో ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు. అది గీస్తుండగా నా కాలి మీదికి గండుచీమ ఎక్కింది.

రోడ్డు నాది. సర్వే నాది. సర్కారోణ్ణి నేనే. నిన్నంతా నేను చెవులారా విని, నోరారా ప్రచారం చేసిన రెండు వందల ఫీట్ల రోడ్డు మా ఇంటి బకెట్టులోంచి వచ్చింది.

ఈలోగా ఎవరో మా వెనకున్న హెల్మెట్లను చూశారు. "ఇంజనీర్లు వచ్చిన్రు!" అని కేక వేశారు. అంతే, జనమంతా మేడం చుట్టూ చేరారు.

"మేడం, మా దాంట్ల ఎంత పోతది?"

"మేడం, సర్వీసు రోడ్డు ఉంటదా?"

"అయ్యో, నేను పళ్ళ డాక్టర్‌నండీ!" అంది మేడం.

యాదగిరి పక్కవాడికి కన్ను గీటాడు. "చెప్పరు. పైనుంచి ఆర్డర్ ఉంటది. గింత పెద్ద అబద్ధం ఆడుతున్నదంటే పెద్ద ఆఫీసరే."

ఒక్క ముసలాయన మాత్రం ముందుకొచ్చి, నోరు తెరిచి, "జర గీ దవుడ పన్ను చూడు బిడ్డా, వారం సంది నిద్ర లేదు" అన్నాడు. ఆ పొద్దున అక్కడున్న అందరిలోకీ బుద్ధిమంతుడు ఆయనే.

నేను బండ ఎక్కి అరిచాను. "అన్నా! అందరు ఇనున్రి! గీ సున్నం గీసింది నేనే! రోడ్డు లేదు, ఏం లేదు!"

యాదగిరి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"తమ్మీ, ఏ పార్టీ కోసం కొంటున్నవ్?"

"నేను కొనుడేంది?"

"రోడ్డు లేదని పుకారు లేపి అగ్గువకు కొందామనే గద? మంచి ప్లానే. గని ఒక్కనివి చెయ్యలేవు, నన్ను కలుపుకో."

"ఒట్టు అన్నా, సైకిళ్ళ కోసం గీసిన!"

"సైకిళ్ళ కోసమా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "కార్లున్నోళ్ళకే రోడ్డు దిక్కు లేదు, సైకిళ్ళోళ్ళ కోసం ఎవడు సున్నం గీస్తడు తమ్మీ?"

గుట్ట మొదట్లో సిగ్నలు ఇంకా ఉంది గనుక సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. కవిత.

"యాడున్నవ్? నాయిన బయానా తీస్కుంటున్నడట! ఎవడో కారేసుకొని చెలక కాడికే వచ్చిండట. అమ్మ ఏడ్చుకుంట ఫోన్ చేసింది. అమ్ముమన్నది నువ్వేనట గద?"

"నేను అమ్ముమనలే కవితా, తెలివిగల్లోళ్ళు..."

"నీ తెలివి సల్లగుండ! నేను ఆటోల వస్తున్న. నాయిన బయానాకు చెయ్యి చాపకముందు నువ్వు ఆడ లేకుంటే, ఇగ ఇంటికి రాకు. దుకాణంలనే పండు!"

బయానా అంటే బేరం కుదిరిందని ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. కాగితాలు తర్వాత. కొందరు బయానా తీసుకుని కూడా మాట మారుస్తారు. మా మామ అలాంటి మనిషి కాదు. ఒక్కసారి చెయ్యి చాచి పుచ్చుకున్నాడంటే, మరునాడు దేవుడు దిగొచ్చి చెప్పినా వెనక్కి తీసుకోడు. అంటే ఆ చెయ్యి చాచేలోగా నేను అక్కడ ఉండాలి.

బాట నిండా కార్లు. సైకిలు పట్టే సందు కూడా లేదు. ఇక గుట్ట ఎక్కి బండల మీదుగా పోవడమే. నేను సైకిళ్ళు అమ్ముతాను గానీ గుట్టలెక్కేలా తొక్కి చాలా ఏళ్ళయింది. పెళ్ళయ్యాక పెరిగిన పొట్ట హ్యాండిలుకు తగులుతోంది. నా అవస్థ చూసి మేడం తన గేర్ల సైకిలు నాకిచ్చి, నా పాత సైకిలు తను తీసుకుని వెంట వచ్చింది.

"గేరు మార్చండి!" అని వెనక నుంచి అరుస్తోంది.

"ఎటు దిక్కు మేడం?"

"మీరు సైకిళ్ళు అమ్ముతారు కదండీ!"

"అమ్ముడు వేరు మేడం, తొక్కుడు వేరు!"

బండల మధ్య బాట నాలుగుగా చీలిన చోట, కంగారులో నాకే దారి తెలియలేదు. తల ఎత్తి చూస్తే ఎదురుగా నా సున్నపు బాణం. అటే పోయాను. ఇంకో చోట ఇంకో బాణం. ఊరంతటినీ దారి తప్పించిన గుర్తులు నన్నొక్కణ్ణీ దారి తప్పకుండా తీసుకుపోయాయి. రెండుసార్లు పడ్డాను. ఒకసారి తుమ్మముళ్ళ మీద. ఎక్కడ గుచ్చుకుందో అడగకండి.

చెలక దగ్గరికి చేరేసరికి టమాట సాళ్ళ పక్కన పెద్ద నల్ల కారు ఆగి ఉంది. డ్రైవరు సీట్లో మెడలో లావుపాటి గొలుసుతో నగరం ఆసామి ఒకడు. పక్క సీట్లో మామ. కారు మాసిపోతుందని చెప్పులు బయట విడిచి, రెండు మోకాళ్ళూ దగ్గరికి పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ తలుపు పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. గొలుసు ఆసామి చేతిలో బట్టసంచి ఉంది. ఇంకా ఇవ్వలేదు.

"మామా! చెయ్యి చాపకు!" అంటూ సైకిలుతో సహా టమాట సాళ్ళలో పడ్డాను. "రోడ్డు లేదు మామా! గా సున్నం నేనే గీసిన!"

"నిన్న రోడ్డు వస్తదన్నది నువ్వే గద అల్లుడా?"

"నిన్న నాకు తెల్వదు మామా, నేనే గీసినట్టు!"

"గీసినోనికే తెల్వదా?"

విన్నారా? నిజం ఎంత నిజమైనా, నా నోట్లోంచి వచ్చేసరికి ఎలా వినిపించిందో! గొలుసు ఆసామి చిరునవ్వు నవ్వి, "అల్లునికి ఎవరో ఎక్కువ రేటు చెప్పినట్టున్నరు కాకా" అన్నాడు.

మామ తల అడ్డంగా ఊపాడు. "మా అల్లుడు గట్లాంటోడు కాదు సేటూ." తర్వాత నా వైపు తిరిగాడు. "నాకు సమజైంది అల్లుడా. చెలక పోతే నేను ఆగమైతనని నీకు ఎరుక. గందుకే నన్ను సముదాయించెతందుకు అబద్ధం చెప్తున్నవ్. నీ మనసు మంచిది. గని పోయేది ఎట్లయిన పోతది బిడ్డా."

నాకు నిజంగా కళ్ళ నీళ్ళు వచ్చాయి. నన్ను దొంగ అనుకున్నా బాగుండేది. నన్ను మంచివాణ్ణనుకుని నా మాట నమ్మకపోతే ఎవరితో మొర పెట్టుకోను? మామ చెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఆ గట్టిబడిన అరచేయి సంచి వైపు కదిలింది. ఇక నిజంతో పని కాదని అర్థమైంది.

"ఆగు మామా!" అన్నాను. "సరే. దొరికిపోయిన. నేను అబద్ధమే చెప్పిన. రోడ్డు వస్తది."

మామ చెయ్యి ఆగింది. అత్తమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

"వస్తది గని, ఎటు వస్తదో చూస్కున్నవా? సున్నం ఏడున్నది? నీ చెలక నడుమ ఉన్నదా?"

"లేదు. గెట్టు పొంటి ఉన్నది."

"జెండాలు?"

"గెట్టు అవుతల."

"నీ చెలక లోపట ఒక్క బొట్టు సున్నం పడ్డదా?"

మామ ఆలోచించాడు. "పడలే."

"మరి నీది ఎట్ల పోతది మామా? రోడ్డు గెట్టు పక్కపొంటి పోతది. నీ చెలక రోడ్డుల కలవదు, రోడ్డు మీదికొస్తది! నమ్మకుంటే గీ మేడంని అడుగు."

ఆయాసపడుతూ అప్పుడే చేరిన సుచరిత మేడం హెల్మెట్ తీసి, "నేను పళ్ళ డాక్టర్‌ని మాత్రమేనండీ..." అంది.

"చూసినవా? నోరు విప్పుతలేరు!" అన్నాను.

మామ మేడంను చూశాడు. గెట్టును చూశాడు. చివరికి మెల్లగా గొలుసు ఆసామి వైపు తిరిగాడు.

"సేటూ, ఒక్కటి అడుగుత. సర్కారు గుంజుకునే భూమి అంటివి గద. పోయే భూమిని నువ్వెందుకు కొంటున్నవ్?"

గొలుసు ఆసామి సంచి మూతి బిగించాడు. "అదేంది కాకా... నీ మీద అభిమానం..."

"పొద్దు పొడవకముందే ఉరుక్కుంట వచ్చే అభిమానమా?"

మామ కారు దిగి చెప్పులు వేసుకున్నాడు. ఒక్కో చెప్పూ నింపాదిగా వేసుకుంటుంటే చూసిన ఆనందం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు. "రోడ్డు పడనియ్యి. పడినంక మాట్లాడుదం" అన్నాడు. కారు వెనక్కి తిరిగి పోయేటప్పుడు రెండు టమాట చెట్లు తొక్కింది. మామ అది కూడా పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఎంకపల్లి దిక్కు నుంచి వచ్చిన ఆటో దిగింది కవిత. నాయన చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో ముందు చూసింది. ఖాళీగానే ఉన్నాయి. ఆ తర్వాత నన్ను చూసింది. ఇంతవరకు జరిగిందంతా నేను ఒక పద్ధతిగా చెప్పాను, ఇక్కడ మాత్రం కొన్ని వాక్యాలు వదిలేస్తున్నాను. గుట్ట మీది మేకలు కూడా మేత ఆపి విన్నాయని మాత్రం చెప్పగలను.

తిట్లు అయిపోయాక అందరికీ ఒక్కసారిగా ఆకలి గుర్తొచ్చింది. అత్తమ్మ ముందురోజు నుంచి ఏమీ తినలేదు. అక్కడే పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు చేసి, పచ్చి టమాట తొక్కు నూరింది. వెనక వచ్చిన సైకిళ్ళవాళ్ళందరూ గెట్టు మీద వరసగా కూర్చుని తిన్నారు. పన్ను నొప్పి ముసలాయన కూడా మేడంను వెతుక్కుంటూ వచ్చి చేరాడు. మామ రొట్టె తుంచుతూ చెలకకేసి చూసి, "బతికినం పో" అన్నాడు. ఒంటి మీద ముళ్ళు గుచ్చుకుంటున్నా నాకు అంత హాయి ఎప్పుడూ తెలియదు.

బ్రోకర్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏ కాగితంలోనూ ఏమీ లేదని తెలుసుకుని, కొన్నాళ్ళకు వేరే సున్నం వెతుక్కుంటూ పోయారు. ఊళ్ళో గోల సద్దుమణిగాక, కడుపులో అబద్ధం అరగక, ఒకరోజు మామను కూర్చోబెట్టి అంతా చెప్పాను. బకెట్టు సంగతి, కుంచె సంగతి, గండుచీమ సంగతి. మామ ఓపిగ్గా విన్నాడు. అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"గట్లనే చెప్పు అల్లుడా. అందరికి గదే చెప్పు. రోడ్డు ముచ్చట బయట పడ్డదంటే మళ్ళ గోల."

వానలకు సున్నం కారిపోతే తనే బకెట్టు పట్టుకుని ప్రతి బాణానికీ మళ్ళీ పూత పెట్టాడు. గండుచీమ వంకరతో సహా. "సర్కారోళ్ళు వస్తే తొవ్వ మర్చిపోతరు గద" అంటాడు. అంతటితో ఆగలేదు. కార్లు తొక్కి అలైన్‌మెంటు చెడగొడతాయని బాట రెండు కొసలా రాతి కడీలు పాతించాడు. వాటి మధ్య సైకిలు పడుతుంది, బర్రె పడుతుంది, కారు పట్టదు. ఎవరైనా కారుతో వచ్చి హారను కొడితే మామ కర్ర పట్టుకుని ఎదురొస్తాడు. "గిది రోడ్డు జాగ! కార్లు రావద్దు!" అంటాడు.

సుచరిత మేడం బృందం ఇప్పుడు ప్రతి ఆదివారం అటే వెళుతుంది. "మాట నిలబెట్టుకున్నారండీ, ఒక్క కారు కూడా రాదు!" అని నన్ను మెచ్చుకుంటుంది. నేను తల ఊపుతాను.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, గుట్ట మీది మేకల సాక్షిగా, మా ఆవిడ ఎదుట నిలబడి చేసిన ప్రమాణం ఇక్కడ మళ్ళీ చేస్తున్నాను. ఈ జన్మలో సున్నం కుంచె ముట్టను. ఇంటికి వెల్ల వేయను, పిల్లల ఆటకు గీత గీయను. తమలపాకుకైనా సున్నం నేను రాసుకోను, కవితే రాసి ఇవ్వాలి. ఇచ్చినా సరే, ముందు నలుగురిని పిలిచి, "అయ్యా, ఇది ఆకు, ఇది సున్నం, ఇక్కడ రోడ్డేమీ పడదు" అని చెప్పి, వాళ్ళు నమ్మాకే నోట్లో పెట్టుకుంటాను.